కాటా పక్కన కట్టని మెట్లు

రాయచూరు లేబర్ ఆఫీసులో ఒక మధ్యాహ్నం అక్కడి అధికారిణి నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి నిజమైన జవాబు, "అవును మేడమ్, అతను అడిగాడు. నేను చేయిస్తానన్నాను" అని. నేను ఆ జవాబు చెప్పలేదు. చెప్పిన జవాబులో అబద్ధం లేదు కాబట్టి చాలాకాలం నన్ను నేను సమర్థించుకుంటూ వచ్చాను. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక, మన పని గురించి నాలుగు మాటలు రాయమని పాత సహోద్యోగులు అడిగితే, ముందు రాయవలసింది ఇదేననిపించింది.

కరోనాకు రెండేళ్ల ముందు, ఎండాకాలం చివర్లో, లింగసుగూరు రోడ్డులో కల్మల దాటాక ఉన్న ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో పర్సనల్ మేనేజర్‌గా చేరాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇప్పుడది వేరేవాళ్ల చేతుల్లో ఉంది. నేను సింధనూరు కాలువ కింద క్యాంపులో పుట్టి పెరిగినవాణ్ని. మా తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. అందుకే నా మాట ఇప్పటికీ అటువైపు మాటే. ఫ్యాక్టరీలో పనివాళ్లంతా రాయచూరు తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి మాట్లాడుతుంటే, మొదటి రోజుల్లో నేను నోరు విప్పగానే "ఆంధ్రా సార్ వచ్చిండు" అని నవ్వుకునేవాళ్లు.

పర్సనల్ మేనేజరంటే మనుషుల్ని తీసుకోవడం, హాజరు, సెలవులు, క్రమశిక్షణ, కార్మిక చట్టాల అమలు చూసేవాడు. నా మీద ప్లాంట్ మేనేజరు, ఆయన మీద హైదరాబాదు హెడ్డాఫీసు. ప్లాంట్ మేనేజరు ప్రసాద్ గారు నెమ్మదస్తుడు, భక్తిపరుడు. ఆయన్ని దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదేమో.

తవుడు నూనె వ్యాపారంలో అసలు పరీక్ష గేటు లోపల లారీలు తూచే కాటా దగ్గరే జరుగుతుంది. బియ్యం మిల్లుల నుంచి లారీల్లో తవుడు వస్తుంది. తవుడు పాలలాంటిది. నిలవుంటే పులుస్తుంది. పులిసిన తవుడులో నూనె శుద్ధికి పనికిరాదు. అమ్మేవాళ్లు పైనా పక్కలా తాజా సంచులు పేర్చి, నడిమధ్య పాతవి దాచి పంపుతారు. అందుకే లారీ కాటా మీద ఆగగానే శాంప్లర్ అనే ఉద్యోగి పైకెక్కి, లోపలి సంచుల్లోకి మొన ఉన్న ఇనుప గొట్టం గుచ్చి నమూనా లాగుతాడు. ఆ గొట్టాన్ని పర్ఖీ అంటారు. నమూనా ల్యాబుకు వెళ్లి, అక్కడ సరేనన్నాకే లారీ ఖాళీ అవుతుంది. శాంప్లరంటే చిన్న ఉద్యోగమే. కానీ అతను పైనుంచి చెయ్యి ఊపేదాకా డ్రైవరు, మిల్లు గుమాస్తా, హమాలీలు అందరూ తలెత్తి చూస్తూ నిలబడాల్సిందే.

మా సీనియర్ శాంప్లర్ హుసేనప్ప. మా జిల్లాలో పీర్లకు మొక్కుకుని హిందువులు కూడా పెట్టుకునే పేరు అది. కల్మల మనిషి, నలభై దాటినవాడు. నేను చేరిన కొత్తలో అతన్ని ఎప్పుడూ లారీ మీదే చూశాను. టైరు మీద ఒక కాలు, తాడు మీద ఒక చెయ్యి, మరుక్షణం పైన. కింద ఉన్న డ్రైవర్లతో వేళాకోళం ఆపేవాడు కాదు. "ఏమయ్యా, ఈ తవుడు నీ పెండ్లినాటిదా?" అని అరిచేవాడు. డ్రైవర్లు తిట్టేవాళ్లు, నవ్వేవాళ్లు.

ఆ వానాకాలంలో ఒక సెలవు రోజున హుసేనప్ప బైకు మీద మస్కి సంతకు వెళ్లి వస్తుంటే ట్రాక్టరు గుద్దింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మోకాలు మిగిలినందుకు సంతోషించమని డాక్టర్లు చెప్పారు. మోకాలు ఉంటే కృత్రిమ కాలుతో మామూలుగానే నడవవచ్చు. ఒక ఉచిత శిబిరంలో కాలు పెట్టించుకుని, చేతిలో కర్ర లేకుండా, మరుసటి వేసవిలో ఫ్యాక్టరీకి వచ్చాడు.

ఇక్కడ నా గురించి ఒకటి చెప్పాలి. ఇటువంటి ఉద్యోగి తిరిగి వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియక కాదు. అంతకు కొద్ది నెలల ముందే బెంగళూరులో వికలాంగుల హక్కుల చట్టం మీద శిక్షణకు వెళ్లి వచ్చాను. సహేతుకమైన సర్దుబాటు అంటే ఏమిటో అక్కడ నేర్పారు. మనిషి తన పనిలోనే కొనసాగేలా, ఆ పని చేసే చోటు, పనిముట్టు, వేళ, వీటిలో ఏది మారిస్తే సరిపోతుందో అతన్నే అడిగి మార్చాలి. నేను అలాగే మొదలుపెట్టాను. హుసేనప్పను వెంటబెట్టుకుని కాటా దగ్గరికి వెళ్లి, ఏది వీలవుతుంది, ఏది కాదో చేసి చూపించమన్నాను.

అతను ముందు ఆఫీసు మెట్లు కమ్మీ పట్టుకుని ఎక్కి దిగాడు. తర్వాత ఖాళీ లారీ టైరు మీద కాలు పెట్టబోయి, జారి, నవ్వి, ఆగిపోయాడు.

"మెట్లున్న కాడికి నేను ఎక్కుత సార్. టైరుకు మెట్లు లేవు, అంతే" అన్నాడు.

ఇద్దరం కలిసి ఆలోచించాం. కాటా పక్కన లారీ ఎత్తుకు ఒక ఇనుప మెట్ల వేదిక. రెండువైపులా కమ్మీలు, పైన మనిషి నిలబడే రేకు, నడుము దాకా చుట్టూ పైపు. లారీ దాని పక్కకు వచ్చి ఆగితే, అతను వేదిక మీద నిలబడి చెయ్యి చాచి పర్ఖీ గుచ్చవచ్చు. లారీ ముందుకు, వెనక్కు జరిగితే సరిపోతుంది. వర్క్‌షాపు వెనక పాత పైపులు గుట్టగా పడి ఉన్నాయి. గోడమీద సుద్దతో గీత గీసి ఎత్తు కూడా చూసుకున్నాం. "కట్టిద్దాం హుసేనప్పా" అన్నాను. అతను నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "జర జల్ది కానీయున్రి సార్. కాలు పెట్టినాయన చెప్పిండు. దినాం నిలబడాలెనంట, నడువాలెనంట. శానాసేపు మోకాలు మడిసి కూసుంటె అది గట్లనే బిగుసుకపోతదంట" అన్నాడు.

సాయంత్రం ప్రసాద్ గారితో చెప్పాను. ఆయన మొత్తం విన్నారు. "ఆ మనిషంటే నాకూ జాలేనండీ. కానీ పైనుంచి పడితే ఎవరిది బాధ్యత? మీరా, నేనా? ఒంటి కాలుతో ఇంకా లారీలెందుకండీ అతనికి? నీడపట్టున కుర్చీ వేసి కూర్చోబెట్టండి. లైట్ డ్యూటీ ఇచ్చామంటే మనకూ పుణ్యం" అన్నారు. మెట్ల సంగతి సీజను అయ్యాక చూద్దామన్నారు.

లైట్ డ్యూటీ అనే మాట మన ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో అందరికీ తెలుసు. జబ్బుచేసినవాడికి, దెబ్బ తగిలినవాడికి ఇచ్చే తేలిక పని. అది దయతో ఇస్తాం. పుచ్చుకునేవాడు కృతజ్ఞతతో పుచ్చుకోవాలని కూడా ఆశిస్తాం. ఆ దయను నేనూ కాదనలేకపోయాను. బెంగళూరులో నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాట దగ్గర పక్కకు పోయింది.

టైమాఫీసులో, అంటే హాజరు వేసే గదిలో, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాను. కార్మికులు వచ్చేటప్పుడు పోయేటప్పుడు టోకెన్లు తీసుకుని పలకకు తగిలించడం అతని పని. తాత్కాలికంగా అని రాసి పంపితే హెడ్డాఫీసు ఒప్పుకోలేదు. ప్రతి మనిషీ ఏదో ఒక కేటగిరీలో ఖాయంగా ఉండాలంది. నేను అతని కేటగిరీ మార్చి సంతకం పెట్టాను. దీని అర్థం పర్సనల్ పని చేసేవాళ్లకు తెలుసు, మిగిలినవాళ్లకు చెప్పాలి. సీనియారిటీ ఎప్పుడూ కేటగిరీ లోపలే లెక్క. మనుషుల్ని తగ్గించాల్సి వస్తే ఆ కేటగిరీలో ఆఖర్న చేరినవాణ్ని ముందు పంపాలని చట్టం. శాంప్లర్లలో హుసేనప్ప అందరికంటే పాతవాడు. టైమాఫీసులో అందరికంటే కొత్తవాడయ్యాడు. నా కలం కింద అతని నౌకరీ అంతా ఒక్క సంతకంతో మొదటికొచ్చింది. ఆ సంగతి సంతకం పెట్టేటప్పుడే నాకు తెలుసు. ఎలాగూ మెట్లు వస్తాయి, వెనక్కు పంపిద్దాం అనుకున్నాను.

అతనికి చెప్పినప్పుడు, "కుర్సి నాకెందుకు సార్? నేనేమన్న ముసలోణ్ణా?" అన్నాడు.

"కొన్నాళ్లే" అన్నాను.

"ఎన్నాళ్లు?"

"మెట్లు వచ్చేదాకా."

ఆ మాట మీద వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

దసరాకు మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ ఘనంగా జరిగేది. బాయిలరుకు, మిషన్లకు, లారీలకు, కాటాకు పసుపు కుంకుమ పెట్టి, పూలు కట్టి, ఎవరి పనిముట్టుకు వాళ్లు కొబ్బరికాయ కొడతారు. ఆ రోజు పనివాళ్లు కొత్త చొక్కాలు తొడుక్కుని తమ తమ మిషన్ల పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. హుసేనప్ప స్నానం చేసి, చేతిలో కొబ్బరికాయతో, తిన్నగా కాటా దగ్గరికి వచ్చాడు. అప్పటికే అతని స్థానంలో వచ్చిన బసవరాజు అనే కుర్రాడు పర్ఖీకి పూలు చుట్టి పట్టుకుని ఉన్నాడు. హుసేనప్ప చెయ్యి చాచాడు. బసవరాజు ఇవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు.

హమాలీల మేస్త్రీ మౌలాలి నోటి దురుసు మనిషి. "ఏ హుసేనప్పా, నీ మిషను ఈడ లేదు. ఆడ టైమాఫీసుల ఉంది పో. నీకన్న నయం అది, దానికి నాలుగు కాళ్లున్నయ్" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు.

"నాలుగున్నా నడువదుర అది. కూసోవెట్టినకాడ కూసుంటది, నా లెక్క" అన్నాడు హుసేనప్ప. ఇంకా పెద్దగా నవ్వారు. నేను కూడా నవ్వాను. అతను నిజంగానే టైమాఫీసుకు వెళ్లి, ఆ ప్లాస్టిక్ కుర్చీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుమ్మం ముందు కాయ కొట్టాడు. కుర్చీ పక్కన నవ్వుతూ నిలబడ్డ అతన్ని నేనే ఫోనుతో ఫొటో తీశాను.

ఆ ఫొటోను నేను ఎలా వాడానో రాయడం కష్టంగా ఉంది. ఆ చలికాలంలో హైదరాబాదులో మా గ్రూపు కంపెనీల పర్సనల్ మేనేజర్ల సమావేశం జరిగింది. వికలాంగ ఉద్యోగులకు మీ యూనిట్లో ఏం చేశారో చెప్పమన్నారు. నేను తెర మీద ఆ ఫొటో వేసి, ప్రమాదం తర్వాత ఉద్యోగిని వదులుకోకుండా తగిన పని ఎలా కల్పించామో చెప్పాను. చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురు వచ్చి చెయ్యి కలిపారు. మెట్ల వేదిక సంగతి ఆ రోజు నుంచి ఎత్తడం మానేశాను. మెట్లు కావాలంటే కుర్చీ సరిపోలేదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ చప్పట్లు తప్పవుతాయి. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు కానీ, లోపల జరిగింది అదే.

అతను మాత్రం అడుగుతూనే ఉన్నాడు. మొదట వారానికోసారి, తర్వాత ఎప్పుడైనా. "సార్, మెట్ల ముచ్చట ఏమాయె?" అనేవాడు. సీజను, ఆడిటు, ఆ తర్వాత కరోనా, ఏదో ఒక కారణం నా దగ్గర సిద్ధంగా ఉండేది. టైమాఫీసులో షిఫ్టు మొదట్లో, చివర్లో తప్ప పనుండేది కాదు. మిగతా సమయం కూర్చునే ఉండేవాడు. లేచి కాటా వైపు వెళ్తే సెక్యూరిటీవాళ్లు, "లైట్ డ్యూటీవోనివి, ఆడికెందుకు పోతవ్, పడితె మా మీదికొస్తది" అని వెనక్కు పంపేవారు. కుర్చీలో కూర్చుంటే కృత్రిమ కాలు ఒత్తుకుంటోందని దాన్ని విప్పి బల్ల కింద పెట్టుకోవడం మొదలైంది. ఒకరోజు నన్ను పిలిచి, పంచె కొద్దిగా పైకి లాగి, "మోకాలు సాగుత లేదు సార్. చూడున్రి, ఈడికే ఆగుతుంది" అన్నాడు. దవాఖానాలో చూపించుకోమని చెప్పి వచ్చేశాను. అప్పటికి వేళాకోళాలు కూడా మానేశాడు.

కరోనా తగ్గాక హెడ్డాఫీసు వేలిముద్రతో హాజరు వేసే మిషను పంపింది. టోకెన్లు అక్కర్లేకుండా పోయాయి. టైమాఫీసులో ఒక మనిషి మిగులు అని తేల్చారు. ఆ కేటగిరీలో ఆఖర్న చేరినవాడు ఎవరో నేను చూడనక్కర్లేదు. తొలగింపు ఆర్డరు మీద ప్రసాద్ గారు సంతకం చేశారు, అందించింది నేను. హుసేనప్ప కాగితం వంక చూడకుండా నా మొహం వంకే చూశాడు.

ఇటువంటప్పుడు కార్మికుడు లేబర్ ఆఫీసుకు వెళ్లవచ్చు. అక్కడి అధికారి రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తారు. హుసేనప్ప వెళ్లాడు. అతని వాదన ఒక్కటే. నేను శాంప్లర్ని, టైమాఫీసు మనిషిని కాను, నన్నడక్కుండా అక్కడ వేశారు, నాకు మెట్లు కావాలని అడిగాను. ఇది నిలబడితే కేటగిరీ మార్పే చెల్లదు. అతని పాత సీనియారిటీ తిరిగి వస్తుంది, ఉద్యోగం ఉంటుంది. అంతా ఆ ఒక్క విషయం మీదే ఆగి ఉంది. అడిగాడా, లేదా?

యాజమాన్యం తరఫున ప్రసాద్ గారు, నేను వెళ్లాం. ఎదురుగా హుసేనప్ప, అతని బావమరిది. అధికారిణి కన్నడంలో అడిగింది, ఇతను పాత పనిలోనే ఏదైనా వసతి కావాలని కోరాడా అని. ప్రసాద్ గారు, "లేదు మేడమ్, కూర్చునే పని కావాలని అతనే అన్నాడు" అన్నారు. ఆయన కావాలని అబద్ధమాడారని నేననుకోను. ఒక సాయంత్రం విన్న మాట ఆయన మరిచిపోయి ఉండవచ్చు. నాకు మాత్రం గోడమీద గీసిన సుద్దగీత కూడా గుర్తుంది.

"నేను కుర్సి అడుగలే తల్లీ. సార్‌నే అడుగున్రి. సార్ దేవునసొంటోడు, సార్ చెప్తడు" అన్నాడు హుసేనప్ప.

అధికారిణి నా వైపు తిరిగింది.

యాజమాన్యం తరఫున వెళ్లినవాళ్లు ఒకే గొంతుతో మాట్లాడాలని ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేర్పుతారు. పైవాడు ఒక మాట అన్నాక కిందివాడు బయటివాళ్ల ముందు కాదనడు. నేను, "రికార్డులో అలాంటి విన్నపం ఏదీ లేదు మేడమ్" అన్నాను. నిజమే, లేదు. రికార్డులో పెట్టాల్సినవాణ్ని నేనే. పెట్టలేదు.

అతని బావమరిది లేచి, "ఏంది బావా ఇది? అడిగిన్నంటివి గద?" అని అక్కడే గద్దించాడు. హుసేనప్ప నా మీద అరిచినా బాగుండేది. అతను మాత్రం, రావాల్సిన పరిహారమేదో ఇప్పించమని అధికారిణితో అన్నాడు. అక్కడితో అయిపోయింది.

అయిపోలేదని తర్వాత తెలిసింది. కల్మల నుంచి మా ఫ్యాక్టరీకి చాలామంది పనికి వచ్చేవాళ్లు. లేబర్ ఆఫీసులో తేలిన మాట ఊళ్లోకి వెళ్లింది. కుర్చీ తనే అడుక్కున్నాడు, కుర్చీ పోయాక మెట్లు అడిగానని కథ చెప్పాడు అని.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ తర్వాతి వానాకాలంలో బసవరాజు తడిసిన సంచుల మీద జారి లారీ మీదినుంచి పడ్డాడు. చెయ్యి విరిగింది. బీమా వాళ్లు వచ్చి చూసి, శాంప్లర్ నిలబడటానికి వేదిక లేదేమని అడిగారు. ప్రసాద్ గారు వెంటనే వర్క్‌షాపుకు చెప్పారు. వారం తిరక్కముందే, ఆ వెనక పడి ఉన్న పైపులతోనే, కాటా పక్కన మెట్లు, కమ్మీలు, పైన రేకుతో వేదిక లేచింది. పసుపు రంగు వేశారు. పని సరిగ్గా జరిగిందో లేదో చూడమని నన్నే పంపారు. కమ్మీ పట్టుకుని ఎక్కి పైన నిలబడ్డాను. లారీలో ఉన్న సంచులు చేతికి అందుతున్నాయి. బాగుంది అని చెప్పి దిగాను.

కంపెనీ చేతులు మారినప్పుడు విరమణ తీసుకుని రాయచూరులో ఇంట్లో ఉన్నాను. ఈ మధ్య ఒక మధ్యాహ్నం బస్సెక్కి కల్మల వెళ్లాను.

హుసేనప్ప గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చంక కర్రలు. మోకాలు మడతలోనే బిగుసుకుపోయింది. అది సాగితే తప్ప కృత్రిమ కాలు ఎక్కదు. సాగదని డాక్టర్లు చెప్పేశారట. ఆ కాలు సిమెంటు సంచిలో చుట్టి అటక మీద పెట్టారు. నన్ను చూసి, "రాన్రి సార్" అని భార్యను పిలిచి కుర్చీ తెమ్మన్నాడు. వద్దని అతని మంచం అంచునే కూర్చున్నాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. నువ్వు అడిగావు, నేను మాటిచ్చాను, లేబర్ ఆఫీసులో దాచాను, నన్ను క్షమించు అన్నాను.

"నాకు చెప్పుడెందుకు సార్? నాకు ఎరుకనే గద. ఎరుక లేనోళ్లకు చెప్పున్రి" అన్నాడు.

అతని భార్య నాగమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. "అయితె నువ్వు కుర్సి అడుగలేదా?" అంది అతనితో. ఆమె కూడా ఇన్నేళ్లూ నమ్మలేదని అప్పుడర్థమైంది.

"నేను నీకు ఎన్నిమాట్ల చెప్పిన?"

"నువ్వు చెప్తివి. సార్ చెప్పకపాయె."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఏడ్చిందో లేదో తెలియదు.

నా తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇందులోంచి నేను చెప్పగలిగింది కొంచెమే. ఉద్యోగి నోటితో అడిగింది ఆ పూటే రికార్డులోకి ఎక్కించండి. అతను అడిగిన వసతి వచ్చేదాకా అతని కేటగిరీ కదపకండి. జాలితో ఇచ్చే తేలిక పనిని సర్దుబాటు అని పిలవకండి. అతను వద్దన్న తర్వాత అసలే పిలవకండి. ఇవి నాకు ముందే తెలుసు. తెలిసినా చెయ్యలేదు కాబట్టి, తెలిసినంత మాత్రాన చేస్తారన్న నమ్మకం నాకు లేదు.

హుసేనప్ప చంక కర్రలు అందుకుని రోడ్డు పక్కన హోటలు దాకా నాతో వచ్చాడు. రెండో షిఫ్టుకు వెళ్లేవాళ్లు వ్యాను కోసం అక్కడ టీ తాగుతూ ఉన్నారు. మౌలాలి ఉన్నాడు, హుసేనప్ప బావమరిది ఉన్నాడు, నాకు పేర్లు గుర్తులేనివాళ్లు ఇంకొందరు. ఒక మాట చెప్పాలి అన్నాను. నా గొంతు విని ఒకడు, "ఆంధ్రా సార్ గద?" అన్నాడు.

"ఏంది సార్, మల్ల పనిల పెట్టుకుంటరా ఏంది హుసేనప్పను?" అన్నాడు మౌలాలి.

"లేదు. నా చేతిలో ఏమీ లేదు."

"మల్ల ఇంకేం ముచ్చట?"

వ్యాను వచ్చి హారన్ కొట్టింది. సగం మంది లేచారు. మౌలాలి కూడా లేచాడు. ఎక్కేవాళ్లు ఎక్కుతుండగానే, మిగిలినవాళ్లకు, హుసేనప్ప బావమరిదికి వినపడేలా చెప్పాను:

"హుసేనప్ప కుర్చీ అడగలేదు. లారీ దగ్గర తన పని తనే చేసుకుంటానని, మెట్లు కట్టించమని నన్నడిగాడు. కట్టిస్తానన్నాను, కట్టించలేదు. కుర్చీ వేసింది నేను. లేబర్ ఆఫీసులో మేడమ్ అడిగితే, అడిగాడని చెప్పాల్సినవాణ్ని చెప్పలేదు. అతను అబద్ధమాడలేదు, నేను దాచాను. హుసేనప్పా, వీళ్లందరి ముందు చెప్తున్నాను, తప్పు నాది. నన్ను క్షమించు."